గెలాక్సీల నడుమ చెదిరిన వెలుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సింహరాశిలోని గెలాక్సీ గుంపుల మీద గత సంచికలో ఒక పేజీ వేశాం. అందులో చివర రెండే రెండు వాక్యాలు ఏ గెలాక్సీకీ చెందకుండా, వాటి మధ్య ఖాళీలో పరుచుకుని ఉండే నక్షత్రాల వెలుగు గురించి రాశాం. వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ రెండు వాక్యాల మీదే. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నక్షత్రాలు గెలాక్సీల్లోనే పుడతాయని చదువుకున్నాం. మరి వాటి మధ్య ఖాళీలోకి ఎలా వచ్చాయి? అక్కడే పుట్టాయా? (ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం)

చాలామటుకు అక్కడ పుట్టినవి కావు, గెలాక్సీల్లో పుట్టి ఊడిపోయినవి. రెండు గెలాక్సీలు దగ్గరగా వచ్చి దాటిపోయేటప్పుడు ఒకదాని ఆకర్షణ రెండోదాని దగ్గరి అంచు మీద ఎక్కువగా, దూరపు అంచు మీద తక్కువగా పనిచేస్తుంది. సముద్రానికి ఆటుపోట్లు తెచ్చేది కూడా ఈ తేడాయే. గెలాక్సీ నడిబొడ్డున గట్టిగా ముడిపడ్డ నక్షత్రాలు దీన్ని తట్టుకుంటాయి. అంచున వదులుగా తిరిగేవి తట్టుకోలేవు. చేటతో చెరిగితే గింజ చేటలోనే ఉండి ఊక బయట పడ్డట్టు, అవి తోకలుగా సాగి విడిపోతాయి. కొన్ని మళ్ళీ సొంత గూటికి వచ్చి పడతాయి, కొన్ని ఇక రావు. వందల కోట్ల సంవత్సరాలు గడిచేసరికి ఆ తోకలూ పలచబడి గుంపంతటా సన్నటి పొరలా మిగులుతాయి.

ఈ పని చిన్న గుంపుల్లో బాగా జరుగుతుంది. వందలూ వేలూ గెలాక్సీలుండే క్లస్టర్లలో ఒకదాన్నొకటి దాటే వేగం సెకనుకు వెయ్యి కిలోమీటర్ల దాకా ఉంటుంది. నాలుగైదు పెద్ద గెలాక్సీల గుంపులో అది రెండు మూడు వందలే. నెమ్మదిగా దాటితే లాగే సమయం ఎక్కువ, కాబట్టి తోకలూ పొడుగు. క్లస్టర్లలో ఇవాళ కనిపించే చెదిరిన వెలుగులో కొంత భాగం, ఆ గెలాక్సీలు క్లస్టర్‌లో చేరకముందు చిన్న గుంపులుగా ఉన్నప్పుడే ఊడిందని లెక్కలు చెబుతున్నాయి.

ఈ వెలుగును మొదట గుర్తించినవాడు ఖగోళజ్ఞుడు ఫ్రిట్జ్ జ్విక్కీ. కోమా క్లస్టర్‌లో గెలాక్సీల మధ్య వెలుగు పరుచుకుని ఉందని 1951లో రాశాడు. అప్పటి ఫొటో ప్లేట్ల మీద దాన్ని కొలవడం చాలా కష్టం. 1990ల చివర్లో హబుల్ టెలిస్కోపు కన్యారాశి క్లస్టర్‌లో ఏ గెలాక్సీకీ చెందని ఎర్ర రాక్షస తారలను (వయసు మళ్ళి ఉబ్బిన నక్షత్రాలను) విడివిడిగా పట్టుకుంది. ఆ వెలుగు నక్షత్రాలదేనన్న మాట దానితో గట్టిపడింది.

ప్రశ్న: నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది. ఊరి బయటికి వెళితే ఈ వెలుగు కంటికి కనిపిస్తుందా? (బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్)

కనిపించదు. ఎంత పెద్ద టెలిస్కోపులోనైనా కంటికి కనిపించదు. పరుచుకున్న వెలుగు విషయంలో టెలిస్కోపు బొమ్మను పెద్దది చేయగలదే కానీ, చదరపు ఆర్క్ సెకనుకు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఉన్న కాంతిని కంటికి పెంచి చూపలేదు.

అంకెల్లో చెబుతాం. మంచి చీకటి పల్లెలో ఆకాశం వెలుగు చదరపు ఆర్క్ సెకనుకు 21.5 మాగ్నిట్యూడ్ (వెలుగుకు కొలమానం) దరిదాపుల్లో ఉంటుంది. నగరం నడిమధ్యన 18. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది: ఐదు మాగ్నిట్యూడ్లు పెరిగితే వెలుగు వందోవంతు. గెలాక్సీల మధ్య వెలుగు మొదలయ్యేదే 26.5 దగ్గర, అక్కణ్ణుంచి 30 దాటి పోతుంది. అంటే పల్లె ఆకాశం వెలుగులో వందోవంతు నుంచి రెండున్నర వేలో వంతు దాకా. చీకటి అనుకునే ఆకాశమే దీని పక్కన పట్టపగలు.

మీ డాబ్సోనియన్‌లో సింహరాశి గుంపులోని ఎం65, ఎం66 గెలాక్సీలు చక్కగా కనిపిస్తాయి. పక్కనే ఎన్‌జీసీ 3628 సన్నటి గీతలా కనిపిస్తుంది. దాని నుంచి ఊడి సాగిన నక్షత్రాల తోకకు మాత్రం కెమెరా కావాలి.

ప్రశ్న: ఆ ఎన్‌జీసీ 3628 తోకనే ఫొటో తీయాలనుంది. 80 మి.మీ. రిఫ్రాక్టర్ (లెన్సు టెలిస్కోపు), చల్లబరిచే కెమెరా, ట్రాకింగ్ మౌంట్ ఉన్నాయి. ఎన్ని గంటలు తీయాలి? ఏం జాగ్రత్తలు? (సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, విశాఖపట్నం)

ఎన్ని గంటలన్నది ఇందులో సులువైన ప్రశ్న. కష్టమంతా ఫ్లాట్లలో, అంటే ఫ్రేములోని వెలుగు హెచ్చుతగ్గులను సరిచేయడానికి సమంగా వెలిగే తలాన్ని తీసే ఫొటోల్లో ఉంది. ముందు లెక్క చూడండి.

ఆకాశం 21.5, తోక 27 అనుకుందాం. తేడా 5.5 మాగ్నిట్యూడ్లు, అంటే తోక వెలుగు ఆకాశంలో 160వ వంతు. ఐదు నిమిషాల ఒక్కో ఎక్స్‌పోజరులో మీ పిక్సెల్‌కు ఆకాశం కాంతి వల్ల 2,000 ఎలక్ట్రాన్లు చేరాయనుకుంటే తోక నుంచి చేరేవి పన్నెండో పదమూడో. అలాంటివి 60, అంటే ఐదు గంటలు, కలిపితే ఆకాశం 1,20,000, దానిలోని సహజమైన ఒడిదుడుకు (రొద) దాని వర్గమూలం 346, తోక 750. పిక్సెల్‌కు సంకేతం, రొదకు రెండు రెట్లు. ఇక 9×9 పిక్సెళ్లను ఒక గడిగా కలిపితే రొద తొమ్మిదో వంతుకు దిగి, నిష్పత్తి 19 దాటుతుంది. కాబట్టి చీకటి చోట ఐదు గంటల కాంతి చాలు.

ఇప్పుడు ఇదే లెక్కలో ఫ్లాట్‌ను పెట్టండి. లెన్సు అంచున వెలుగు తగ్గడాన్ని సరిచేసే ఫ్లాట్‌లో ఒక్క శాతం తప్పు ఉంటే 1,20,000లో 1,200 ఎలక్ట్రాన్లు తేడా వస్తాయి. మీరు వెతికే తోక 750. తప్పు తోకను మింగేసింది. తప్పును 0.1 శాతానికి దించితే అది 120, తోకలో ఆరోవంతు. అప్పుడు కొలవచ్చు. ఈ 0.1 శాతం కోసమే ఈ పనిలో సగం కష్టం. ఇదే 18 మాగ్నిట్యూడ్ల నగర ఆకాశం కింద తోక వెలుగు ఆకాశంలో 4,000వ వంతు. 0.1 శాతం మంచి ఫ్లాట్ కూడా అక్కడ తోకకు నాలుగు రెట్లు తప్పు చేస్తుంది. నగరంలో ఎన్ని రాత్రులు కూడబెట్టినా ఇది తీరే లోటు కాదు, కారెక్కి వెళ్ళాల్సిందే.

చోటు, సమయం: ఈ గుంపు పుబ్బ నక్షత్రపు రెండు చుక్కల్లో దక్షిణపుదానికి ఆగ్నేయంగా రెండున్నర, మూడు డిగ్రీల దూరంలో ఉంది. మార్చి నడుమ అర్ధరాత్రికి నడినెత్తికి వస్తుంది. తెలుగు నేలకు ఇది గొప్ప వరం: హైదరాబాద్ అక్షాంశంలో 86 డిగ్రీల ఎత్తు, అంటే గాలిపొర అతి పలచన. మహాశివరాత్రి నాడు చంద్రుడు తెల్లవారబోయే ముందు గానీ లేవడు, కాబట్టి జాగారం రాత్రి దీనికి సరిగ్గా సరిపోతుంది. ఉగాది ముందు అమావాస్యా అంతే. మబ్బు లేకపోయినా ఫిబ్రవరి, మార్చిల్లో ఎండుగడ్డి కాల్చిన పొగ, దుమ్ము ఉంటే ఆ రాత్రి వదిలేయండి. పొగ ప్రతి చుక్క చుట్టూ వెలుగును చిమ్ముతుంది.

ఫ్రేము: 80 మి.మీ. రిఫ్రాక్టర్‌ను రెడ్యూసర్‌తో (ఫోకల్ లెంగ్త్ తగ్గించే లెన్సుతో) 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ దగ్గరికి తెచ్చారనుకుంటే, ఏపీఎస్-సీ సెన్సారు 3.4×2.2 డిగ్రీల ఆకాశం చూస్తుంది. మూడు గెలాక్సీలు, అర డిగ్రీ పొడవున్న తోక కలిసి డిగ్రీన్నర లోపే. చుట్టూ ఖాళీ ఆకాశం మిగలాలి. అది లేకపోతే ఆకాశం వెలుగు ఎంతో కొలవడానికి చోటే ఉండదు. పెద్ద ఫోకల్ లెంగ్త్‌తో గెలాక్సీలను ఫ్రేమంతా నింపితే అందం వస్తుంది, తోక పోతుంది.

జరపడం: మామూలుగా ఎక్స్‌పోజరుకూ ఎక్స్‌పోజరుకూ మధ్య పది పిక్సెళ్లు జరుపుతారు. ఇక్కడ 10 నుంచి 15 ఆర్క్ నిమిషాలు జరపాలి, అంటే 1.9 ఆర్క్ సెకన్ల పిక్సెల్‌తో మూడు నాలుగు వందల పిక్సెళ్లు. అప్పుడు కెమెరాలోని మచ్చ ఆకాశంలో ప్రతిసారీ వేరే చోట పడుతుంది, తోక మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఫ్లాట్లు: రెండు రకాలు తీయండి. మొదటిది లైట్ ప్యానెల్‌తో, దుమ్ము మచ్చల కోసం, పిక్సెళ్ల మధ్య తేడాల కోసం. రెండోది రాత్రి ఆకాశంతోనే. గంటకోసారి మూడు నాలుగు డిగ్రీలు పక్కకు, పెద్ద చుక్కలూ గెలాక్సీలూ లేని చోటికి తిరిగి, అదే ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్లు నాలుగైదు తీయండి. ప్రతిసారీ కొంచెం వేరే చోట. ఇలా 25 నుంచి 30 పోగయ్యాక, ప్యానెల్ ఫ్లాట్‌తో సరిచేసి, చుక్కలకు మాస్కు వేసి (వాటిని లెక్కలోంచి తప్పించి), మీడియన్ (మధ్య విలువ) తీసి, బాగా మెత్తబరచండి. మిగిలే పెద్ద వంపు, ప్యానెల్ ఫ్లాట్‌లోని తప్పే. దానితో అన్ని ఫ్రేములనూ భాగించండి. 9×9 గడికి 0.1 శాతం కచ్చితత్వం కోసం పది లక్షల ఎలక్ట్రాన్లు కావాలి. పిక్సెల్‌కు 2,000 చొప్పున చూస్తే ఆరేడు ఫ్రేములకే అది సమకూరుతుంది. 25 ఎందుకంటారా? మాస్కు వేసిన చోట్ల రంధ్రాలు పడతాయి, చుక్కల అంచు వెలుగు మాస్కు దాటి మిగులుతుంది. అవి మీడియన్‌లో చెరిగిపోవాలంటే ఆ మాత్రం ఉండాలి.

సాయంసంధ్య వెలుగులో గుడ్డ కప్పి తీసే ఫ్లాట్‌ను దీనికి నమ్మకండి. మూడు డిగ్రీల ఫ్రేములో సంధ్యాకాశమే ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి.

చివరిది సాఫ్ట్‌వేర్. నేపథ్యాన్ని తనంతట తాను తీసేసే పనిముట్లు వంపు తిరిగిన తలాన్ని బొమ్మకు అతికించి తీసేస్తాయి. తోక కూడా వాటి కంటికి నేపథ్యమే! సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే పాలినోమియల్ డిగ్రీని 1 దగ్గర ఉంచండి, శాంపిల్ గడులను గెలాక్సీల నుంచి, తోక నుంచి దూరంగా చేత్తో పెట్టండి. ఏటవాలు బల్లలాంటి సమతలాన్ని తీసేయవచ్చు, గిన్నెలాంటి వంపును తీయకూడదు. ఎన్నో మంచి డేటాల్లో తోక ఈ ఒక్క మెట్టు దగ్గరే మాయమవుతుంది.

ప్రశ్న: ఆరు గంటలు తీశాను. స్టాక్‌ను (అన్నీ కలిపిన బొమ్మను) బాగా సాగదీస్తే ఎం65, ఎం66 చుట్టూ పెద్ద వెలుగు కనిపిస్తోంది. గుంపంతా పరుచుకున్న నక్షత్రాలేనా? (ఫార్మసిస్టు, గుంటూరు)

పంపిన బొమ్మ చూశాం. ఆ వెలుగు పడమటి వైపు ఎక్కువగా ఉంది. ఎం65కు పడమట డిగ్రీ లోపే 73 లియోనిస్ అనే ఐదో మాగ్నిట్యూడ్ చుక్క ఉంది. మీ వెలుగులో ఎక్కువ భాగం దానిదే అనిపిస్తోంది. చుక్క వెలుగు మనకు కనిపించే చిన్న బిందువు దగ్గర ఆగిపోదు. గాలి, లెన్సు ముఖాలు, దుమ్ము దాన్ని చిమ్ముతూ పోతాయి. సన్నగా, సన్నగా, డిగ్రీ దాటి కూడా అది సాగుతుంది. గెలాక్సీల నడిమి భాగం వెలుగూ అలాగే తన చుట్టూ చిమ్ముకుంటుంది. దాన్ని నక్షత్రాల పొర అనుకున్న పొరపాటు వృత్తి ఖగోళజ్ఞుల పరిశోధనల్లోనూ జరిగింది.

తేల్చుకోవడానికి ఇవి చేయండి. అదే రాత్రి, అదే ఎత్తులో, గెలాక్సీలు లేని చోట ఉన్న మరో ఐదో మాగ్నిట్యూడ్ చుక్కను అదే పద్ధతిలో గంటసేపు తీసి, కేంద్రం నుంచి బయటికి వెలుగు ఎలా తగ్గుతుందో గీయండి. ఆ గీతను 73 లియోనిస్ వెలుగుకు సరిపడా హెచ్చించి మీ బొమ్మ నుంచి తీసేయండి. మిగిలినదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోండి. తర్వాత కెమెరాను 90 డిగ్రీలు తిప్పి ఇంకో రాత్రి తీయండి. కెమెరాతో పాటు తిరిగితే అది సెన్సారుకూ ఫిల్టరుకూ మధ్య ఎగిరే ప్రతిబింబం. గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉంటే అనుమానించనక్కర్లేదు, అదే. రెండు రాత్రుల్లోనూ ఒకే చోట, ఒకే ఆకారంలో మిగిలితే అప్పుడు ముందుకు వెళ్ళండి.

ఇంకో సంగతి. మార్చిలో సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండే ఆకాశభాగం సింహరాశి దగ్గరే ఉంటుంది. అక్కడ గ్రహాల మధ్య దుమ్ము సూర్యకాంతిని వెనక్కి పంపుతుంది, దాన్ని గెగెన్‌షైన్ అంటారు. అది మీ ఫ్రేము కంటే చాలా పెద్దది కాబట్టి ఏటవాలుగా మాత్రమే కనిపిస్తుంది. ఒకటో డిగ్రీ తలం దాన్ని తీసేస్తుంది.

అద్దపు టెలిస్కోపు కంటే మంచి కోటింగు ఉన్న లెన్సు ఈ పనికి నయం. అద్దం ముందు అడ్డుండే రెండో అద్దం, దాన్ని పట్టి ఉంచే కాళ్ళు వెలుగును ఇంకా చిమ్ముతాయి. న్యూమెక్సికోలోని డ్రాగన్‌ఫ్లై యంత్రం కట్టడానికి కారణం అదే: అది 400 మి.మీ., ఎఫ్/2.8 కెనాన్ టెలిఫోటో లెన్సుల వరుస. కొద్ది లెన్సులతో మొదలై 48కి పెరిగింది.

ప్రశ్న: మన పాలపుంతలోని దుమ్ము కూడా ఇలాగే వెలుగుతుందట కదా. దాన్నీ దీన్నీ విడదీయడం ఎలా? (ఫిజిక్స్ లెక్చరర్, కర్నూలు)

ఈ రంగంలో అతి పెద్ద ఉచ్చు ఇదే. పాలపుంత తలానికి పైన ఎంతో ఎత్తులో పలచటి దుమ్ము మేఘాలున్నాయి. వాటి మీద పాలపుంత నక్షత్రాల కాంతి పడి అవి మసకగా వెలుగుతాయి. వెలుగు తీవ్రత, ఆకారం అచ్చం గెలాక్సీల తోకల్లాగే ఉంటాయి. 1965లో హాల్టన్ ఆర్ప్ ఎం81 గెలాక్సీ పక్కన ఒక వెలుగు వలయాన్ని చూపించాడు. ఎం82తో ఢీ వల్ల ఊడిన పదార్థం అని దశాబ్దాలు అనుకున్నారు. దూర పరారుణ కాంతిలో కొలిచాక దానిలో ఎక్కువ భాగం మన ముంగిట్లోని దుమ్మే అని 2010లో తేలింది. అయితే అదే గుంపులో ఎం81, ఎం82, ఎన్‌జీసీ 3077 మధ్య నిజంగా ఊడిన పదార్థం ఉంది. 1994లో 21 సెంటీమీటర్ల రేడియో తరంగాల్లో హైడ్రోజన్ వంతెనలు కనిపించాయి. తర్వాత సుబారు టెలిస్కోపుతో ఎర్ర రాక్షస తారలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి నక్షత్రాల తోకలనూ గీశారు. వెలుగును నమ్మలేని చోట నక్షత్రాలను లెక్కపెట్టడమే దారి. కాకపోతే అది 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఇలాంటి దగ్గరి గుంపులకే చెల్లుతుంది.

మనం చేయగలిగింది: మీ ఫ్రేము ఉన్న చోట ఐరాస్ ఉపగ్రహం పరారుణ కాంతిలో గీసిన 100 మైక్రాన్ల పటాన్ని, ప్లాంక్ ఉపగ్రహపు దుమ్ము పటాన్ని తెరిచి పక్కన పెట్టుకోండి. అవి ఉచితంగా దొరుకుతాయి. మీ వెలుగు, దుమ్ము ఒకే గీతల్లో నడిస్తే ఆశ వదులుకోండి. ఆ పటాల రిజల్యూషన్ కొన్ని ఆర్క్ నిమిషాలే కాబట్టి, పటంలో ఏమీ లేదన్నంత మాత్రాన సన్నటి దుమ్ము లేదని కాదు. రెండు మూడు ఫిల్టర్లలో రంగు కొలిస్తే ఇంకొంత తెలుస్తుంది: దుమ్ము చిమ్మిన వెలుగు రంగుల పొందిక నక్షత్రాల గుంపుల పొందికతో కలవదు.

ఎం81 చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట. మన అక్షాంశం నుంచి అది 38 డిగ్రీలకు మించి లేవదు, దుమ్ము కూడా దాని మీదుగానే ఉంది. కొత్తవాళ్ళు సింహరాశితో మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: ఎం96 గుంపులో ఎంతో లోతుగా వెతికి ఏమీ లేదన్నారట. ఏమీ దొరకనిదాన్ని పరిశోధన అని ఎందుకు అచ్చువేస్తారు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

అయ్యా, మీ ప్రశ్నకు నిండుగా జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆ ఏమీ లేకపోవడంలోనే అసలు సమాచారం ఉంది.

మఖ నక్షత్రానికి తూర్పున తొమ్మిది, పది డిగ్రీల దూరంలో ఎం95, ఎం96, ఎం105, ఎన్‌జీసీ 3384 ఉన్న గుంపు ఇది. దూరం సుమారు 3.6 కోట్ల కాంతి సంవత్సరాలు. 1983లో అరెసిబో రేడియో టెలిస్కోపు అక్కడ ఒక పెద్ద హైడ్రోజన్ వలయాన్ని కనిపెట్టింది. అడ్డుకొలత ఆరున్నర లక్షల కాంతి సంవత్సరాలు, బరువు దాదాపు 200 కోట్ల సూర్యులంత. ఎం105, ఎన్‌జీసీ 3384లను చుట్టి ఉంటుంది. అది గెలాక్సీలు పుట్టగా మిగిలిన ఆదిమ వాయువా, లేక ఏదో ఢీలో గెలాక్సీ నుంచి ఊడిందా అన్న వాదం అప్పుడే మొదలైంది.

ఢీలో ఊడితే వాయువుతో పాటు నక్షత్రాలూ ఊడాలి కదా, ఆ వెలుగు కనిపించాలి. అందుకని అమెరికాలో కిట్ పీక్ కొండ మీది బరెల్ ష్మిట్ టెలిస్కోపుతో వెతికారు. దాని ముఖద్వారం 24 అంగుళాలే, కానీ ఈ పనికోసమే లోపలి నలుపు, అడ్డుగోడలు, కోటింగులు తీర్చిదిద్దిన యంత్రం. గెలాక్సీల ఫ్రేముల మధ్య ఖాళీ ఆకాశం ఫ్రేములు తీసి వాటితోనే ఫ్లాట్ చేశారు. పైన విశాఖ పాఠకుడికి చెప్పిన పద్ధతే, ఇంకా ఎంతో పెద్ద ఎత్తున. 2014లో అచ్చయిన ఆ ఫలితంలో నీలి కాంతిలో 30.1 మాగ్నిట్యూడ్ దాకా దిగారు. చీకటి ఆకాశంలో వెయ్యోవంతు కంటే తక్కువ! వలయమంతటా పరుచుకున్న వెలుగు లేదు. గెలాక్సీల దగ్గర అతి సన్నటి తోకలు కొన్ని ఉన్నాయి, అంతే. అంతకుముందే ఈ గుంపులో గ్రహ నీహారికలను (చివరి దశలో నక్షత్రాలు ఊదేసిన వాయుపొరలను) వెతికి, గెలాక్సీల మధ్య నక్షత్రాల వాటా 2 శాతం కూడా లేదని అంచనా వేశారు. రెండు వేరు వేరు దారులు ఒకే చోటికి వచ్చాయి.

దీనివల్ల తెలిసిందేమిటి? ఈ గుంపు పెద్ద పెద్ద ఢీలతో బతకలేదు, ఇక్కడి గెలాక్సీలు ఇన్నాళ్ళూ మెల్లగా ఒరుసుకుని ఉంటాయి. వాయువు గెలాక్సీల అంచుల్లో నక్షత్రాల కంటే చాలా దూరం దాకా పరుచుకుని ఉంటుంది కాబట్టి, పైపైన తగిలే దెబ్బకు వాయువు మాత్రమే ఊడి, నక్షత్రాలు మిగలవచ్చు. వలయంలో అక్కడక్కడా కొత్తగా పుట్టిన నక్షత్రాల చిన్న గుంపులు అతినీలలోహిత కాంతిలో 2009లో కనిపించాయి. 2021లో వాటి చుట్టూ ఉన్న వాయువును వర్ణపటంలో చూస్తే ఆక్సిజన్ లాంటి బరువు మూలకాలు దండిగా ఉన్నాయి. ఆదిమ వాయువులో అవి ఉండవు. కాబట్టి వలయం గెలాక్సీ నుంచే వచ్చిందన్న వైపు తూకం మొగ్గింది. వెలుగు లేదన్న 2014 నాటి కొలత గట్టిది కాబట్టే, వాయువు ఊడింది, నక్షత్రాలు ఊడలేదు అని ఇవాళ ధైర్యంగా చెప్పగలుగుతున్నారు. ఎంత లోతు దాకా చూసి లేదన్నారో ఆ అంకె లేకపోతే, లేదు అన్న మాటకు విలువే ఉండదు.

ప్రశ్న: ఒక చోట 2 శాతం, ఒక చోట 40 శాతం అని రాస్తారు. ఇంత తేడా ఎందుకు? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

కొంత నిజమైన తేడా, కొంత నిర్వచనం తేడా.

నిజమైనది ముందు. పాల్ హిక్సన్ 1982లో వంద బిగుతైన గుంపుల పట్టిక వేశాడు. వాటిలో 79వది సీఫర్ట్ సెక్స్‌టెట్. పేరుకు ఆరు గెలాక్సీలు. నిజానికి ఒకటి ఎంతో వెనకాల ఉన్నది, ఇంకొకటి అసలు గెలాక్సీయే కాదు, ఊడిపోయిన నక్షత్రాల తోక. మిగిలిన నాలుగూ పాలపుంత పట్టేంత చోటులో కుమ్ములాడుకుంటున్నాయి. అక్కడ గుంపు వెలుగులో మూడోవంతు నుంచి సగం దగ్గర దాకా గెలాక్సీల మధ్యే ఉందని 2005లో కొలిచారు. అదే కొలతలో 88వ గుంపులో ఏమీ కనిపించలేదు. దానిలోని సర్పిల గెలాక్సీలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే ఈ వెలుగు ఒక గుంపు ఎన్నాళ్ళుగా కలహిస్తోందో చెప్పే గడియారం.

ఇక నిర్వచనం. గెలాక్సీ ఎక్కడ ముగుస్తుంది? కొందరు 26.5 మాగ్నిట్యూడ్ గీత గీసి, దాని బయటిదంతా మధ్య వెలుగు అంటారు. కొందరు గెలాక్సీకి ఒక సూత్రం అతికించి, దాన్ని తీసేయగా మిగిలినదాన్ని లెక్కిస్తారు. కొందరు నక్షత్రాల వేగం చూస్తారు. ఒకే డేటాకు ఈ పద్ధతులు రెట్టింపు తేడా ఇవ్వగలవు. శాతం చదివినప్పుడల్లా ఏ గీత, ఏ ఫిల్టరు, ఏ లోతు అని చూడండి. అవి చెప్పకుండా ఇచ్చిన రెండు అంకెలను పోల్చకండి.

ప్రశ్న: పైన గ్రహ నీహారికలతో లెక్కపెట్టారన్నారు. అదెలా? (గృహిణి, అనంతపురం)

సూర్యుడిలాంటి నక్షత్రం చివరి దశలో ఊదేసిన వాయుపొర తన కాంతిలో పెద్ద భాగాన్ని ఒకే ఆకుపచ్చ గీతలో, 5007 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, పంపిస్తుంది. ఆ గీత మాత్రమే పట్టే ఫిల్టరుతో ఒక బొమ్మ, దాని పక్క రంగులతో ఇంకో బొమ్మ తీస్తారు. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని చుక్కలను ఏరుతారు. ఇన్ని నక్షత్రాలకు ఇన్ని నీహారికలు అన్న లెక్క తెలుసు కాబట్టి మొత్తం అంచనా వేస్తారు. ఇందులో తప్పటడుగు: 1,100 కోట్ల సంవత్సరాల నాటి దూరపు గెలాక్సీల హైడ్రోజన్ గీత సాగి సాగి సరిగ్గా ఇదే ఆకుపచ్చలో పడుతుంది. కన్యారాశిలో తొలి జాబితాల్లో అవి దూరాయి. వర్ణపటం తీసి ఏరేస్తే గానీ లెక్క నిలవదు.

ప్రశ్న: మోడిఫై చేయని పాత డీఎస్‌ఎల్‌ఆర్ సరిపోతుందా? నగరపు వెలుగును తగ్గించే ఫిల్టరు కొనాలా? (ఫొటో స్టూడియో నిర్వాహకుడు, రాజమహేంద్రవరం)

డీఎస్‌ఎల్‌ఆర్ సరిపోతుంది. ఇది ఎర్రటి హైడ్రోజన్ నీహారిక కాదు. మామూలు నక్షత్రాల వెలుగే కాబట్టి అన్ని రంగుల్లోనూ ఉంటుంది, మోడిఫికేషన్ (ఎర్ర కాంతిని ఆపే లోపలి ఫిల్టరు తీయించడం) అక్కర్లేదు. ఫిల్టరు కొనకండి. అది నక్షత్రాల కాంతినీ కోసేస్తుంది, పైగా రెండు అదనపు గాజు ముఖాలతో కొత్త ప్రతిబింబాలు తెస్తుంది. ఆ డబ్బుతో చీకటి ఊరికి నాలుగుసార్లు వెళ్ళిరండి. రా ఫైళ్లలోనే తీయండి, కెమెరాలోని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. డార్కులు (లెన్సు మూసి తీసే ఫ్రేములు) మాత్రం అదే రాత్రి, అదే వేడిలో, రాత్రి మొదట పది, చివర పది తీయండి. చల్లబరచని సెన్సారు అంచుల్లో వచ్చే మెరుపు గంట గంటకూ మారుతుంది. వ్యూఫైండర్‌ను నల్ల టేపుతో మూసేయండి. హెడ్‌టార్చి వెలుగు అందులోంచి సెన్సారుకు చేరుతుంది.